1939 ఏప్రిల్: ఒక నెల, మూడు గొంతులు

అమెరికా నల్లజాతి సంగీతానికి మలుపు తిప్పిన సంవత్సరం ఏదని అడిగితే చాలామంది అరవయ్యో దశకం వైపు చూపిస్తారు. నా దృష్టిలో మాత్రం ఆ గౌరవం 1939కి దక్కాలి. లోపలికి రానివ్వని సమాజం చేత తమ పాటను వినిపించుకోవడం ఎలాగో ఆ ఏడాది నల్లజాతి కళాకారులు ఒకరి తరువాత ఒకరుగా చేసి చూపించారు. అందులోనూ మూడు పెద్ద ఘట్టాలు ఏప్రిల్ నెలలోనే జరిగాయి.

ఫిలడెల్ఫియాలో పుట్టిన మరియన్ ఆండర్సన్ గొంతు విని, అటువంటి స్వరం నూరేళ్లకు ఒకసారి గానీ వినబడదని 1935లో సంగీత నిర్దేశకుడు టోస్కనీని అన్నారు. యూరప్ అంతా నీరాజనాలు పట్టిన ఆ గాయని కచేరీని వాషింగ్టన్‌లో ఏర్పాటు చేయాలని నల్లజాతివారి విద్యాసంస్థ హోవర్డ్ విశ్వవిద్యాలయం ప్రయత్నించినప్పుడు, నగరంలోని పెద్ద వేదిక కాన్‌స్టిట్యూషన్ హాలు యాజమాన్యమైన ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ (అమెరికా స్వాతంత్ర్య పోరాట యోధుల వంశపు మహిళల సంస్థ) నిరాకరించింది. అక్కడ శ్వేతజాతి కళాకారులకు మాత్రమే ప్రవేశం. దీనికి నిరసనగా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంస్థ సభ్యత్వానికి రాజీనామా చేశారు. చివరికి ప్రభుత్వ అనుమతితో లింకన్ స్మారక మందిరం మెట్లే వేదికయ్యాయి. 1922లో ఆ మందిరాన్ని ప్రారంభించిన రోజున నల్లజాతి ఆహూతులను విడిగా కూర్చోబెట్టారన్న సంగతి తెలిస్తే, ఈ ఎంపికలోని బరువు మరింత అర్థమవుతుంది.

ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం. చలిగాలికి ఆండర్సన్ పొడవాటి కోటు కప్పుకుని, మైకుల వరుస ముందు నిలబడి, కళ్లు మూసుకుని పాడారు. ఎదురుగా సుమారు 75,000 మంది. రేడియో ద్వారా వింటున్నవారు లక్షల్లో ఉన్నారు. ముందు దేశభక్తి గీతం, తరువాత డోనిజెట్టి, షూబర్ట్‌ల కృతులు, ఆపైన తన పూర్వీకులు బానిసత్వంలో పాడుకున్న భక్తిగీతాలు. ఆ వరుసే నాకు ఎంతో నచ్చుతుంది. యూరప్ శాస్త్రీయ సంగీతానికీ బానిసల పాటకూ ఒకే పీట వేయడం కంటే బలమైన ప్రసంగం ఆ రోజు మరొకటి ఉండదు, ఆమె ప్రసంగించనూ లేదు.

హైదరాబాదువాళ్లకు ఇది మరీ దూరపు కథేమీ కాదు. అంతకు కొద్ది నెలల ముందే, 1938 చివర్లో, వసతిగృహంలో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థులను పెద్ద సంఖ్యలో బహిష్కరించింది. వారిలో అనేకులు నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించవలసి వచ్చింది. ఇక ఊరేగింపుకు డప్పు ముందుండాలి గానీ డప్పు కొట్టే మనిషి గుడి గడప దాటకూడదన్న రీతిని తరతరాలుగా చూసిన నేల మనది. పాట కావాలి, పాడే మనిషి వద్దు అనే మనస్తత్వాన్ని మనకు ఎవరూ కొత్తగా వివరించనక్కరలేదు.

ఆండర్సన్ కచేరీ జరిగిన పదకొండు రోజులకు, ఏప్రిల్ 20న, న్యూయార్క్‌లో నల్లజాతి జాజ్ గాయని బిల్లీ హాలిడే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ (వింత పండు) అనే పాటను రికార్డు చేశారు. దక్షిణాది రాష్ట్రాల్లో మూకలు నల్లవారిని చంపి చెట్లకు వేలాడదీసిన అమానుషమే ఆ పాటకు వస్తువు. రాసినది ఏబెల్ మీరోపోల్ అనే యూదు ఉపాధ్యాయుడు. హాలిడే పాటలను విడుదల చేసే కొలంబియా సంస్థ దీన్ని రికార్డు చేయడానికి ఒప్పుకోలేదు కనుక, కమడోర్ అనే చిన్న సంస్థ ముందుకు వచ్చింది. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చునే కేఫ్ సొసైటీ అనే నైట్‌క్లబ్బులో ఆమె దీన్ని పాడే సమయానికి వడ్డన ఆపేసి, దీపాలు ఆర్పి, ఆమె ముఖం మీద మాత్రమే వెలుగు పడేలా చేసేవారు. రికార్డులో మొదట ట్రంపెట్, ఆ తరువాత పియానో చాలాసేపు వినిపిస్తాయి. గొంతు ఎంతకీ రాదు. ఆ నిరీక్షణలోనే వినేవారి గుండె బిగుసుకుంటుంది. వచ్చిన గొంతు ఏడవదు, అరవదు, ఒక్కొక్క మాటనూ నిదానంగా ముందు పెడుతుంది.

ఏప్రిల్ 30న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన ప్రారంభమైంది. నల్లజాతివారు తమ జాతీయగీతంగా భావించే ‘లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్’ స్ఫూర్తితో శిల్పి అగస్టా సావేజ్ అక్కడ 16 అడుగుల హార్ప్ శిల్పాన్ని (హార్ప్ అంటే నిలువు తంత్రుల పాశ్చాత్య వీణ) నిలబెట్టారు. పాడుతున్న పన్నెండు మంది మనుషులే దాని తంత్రులు. కింద వారిని మోస్తున్నది దైవహస్తం. ప్రదర్శన ముగిశాక దాన్ని కంచులో పోతపోయించడానికి గానీ భద్రపరచడానికి గానీ డబ్బు దొరకలేదు, పగలగొట్టేశారు. ఆ ప్లాస్టర్ శిల్పానికి ఫోటోలూ చిన్న నమూనాలే మిగిలాయి. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపమే వస్తుంది.

అక్టోబరులో కోల్‌మన్ హాకిన్స్ శాక్సఫోన్ మీద ‘బాడీ అండ్ సోల్’ వాయించి జాజ్‌కు కొత్త దారి చూపారు. డిసెంబరులో నల్లజాతివారి బాధల పాటలైన బ్లూస్‌కు తల్లి అనిపించుకున్న గాయని ‘మా’ రెయినీ కన్నుమూశారు.

అయినా 1939ని విజయాల సంవత్సరంగా మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు. డిసెంబరులో అట్లాంటాలో ‘గాన్ విత్ ద విండ్’ సినిమా తొలి ప్రదర్శన జరిగినప్పుడు, అందులో ముఖ్యమైన పాత్ర వేసిన నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డేనియల్‌కే అక్కడ చోటు లేదు. ఆ సందర్భంగా శ్వేతజాతివారికి మాత్రమే ఏర్పాటైన విందులో, బానిసల వేషాలు వేసుకుని భక్తిగీతాలు పాడిన చర్చి బృందంలో పదేళ్ల మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నాడు. ఐదేళ్ల తరువాత జార్జియాలో జరిగిన వక్తృత్వపు పోటీలో ఆ కుర్రవాడు రాజ్యాంగం గురించి మాట్లాడుతూ, లింకన్ స్మారకం దగ్గర పాడిన మరియన్ ఆండర్సన్‌ను ఉదాహరణగా చెప్పాడు.