న్యేపికి బాలీ వెళ్లాలంటే: తేదీల లెక్క, మూతపడే రోజు, మా అనుభవం

2025 మార్చి 26 నుంచి 31 దాకా బాలీలో ఉన్నాం. ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముందు ఖాయం చేసుకోవాల్సింది టికెట్టూ కాదు, హోటలూ కాదు, న్యేపి తేదీ. అది బాలీ హిందువుల కొత్త సంవత్సరం, మౌనదినం. ఆ ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా విమానాశ్రయం, పడవలు, దుకాణాలు, రోడ్లు అన్నీ మూత. అందుకని ఆ ఒక్క రోజునుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ప్లాను వేశాం.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. వాళ్లదీ శక సంవత్సరమే కాబట్టి ఉగాది రోజే న్యేపి అనుకుంటారు. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. 2026లో రెండూ మార్చి 19నే. కానీ 2024లో న్యేపి మార్చి 11న వస్తే ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, ఎందుకంటే అధికమాసాన్ని వాళ్లు వేసే చోటు వేరు. మేం వెళ్లిన ఏడు న్యేపి మార్చి 29న, ఉగాది 30న. మన పంచాంగంలో 29 అమావాస్య; వాళ్ల తిథి లెక్కలో అమావాస్య 28కే అయిపోయింది. కాబట్టి గోడమీది క్యాలెండరు చూసి టికెట్ కొనకండి. ఇండోనేసియాలో మూడు మంత్రిత్వ శాఖలు కలిసి ఏటా ముందే సెలవుల ఉత్తర్వు ఇస్తాయి, అందులో ఉన్న తేదీయే ప్రమాణం.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగానో సింగపూర్ మీదుగానో వెళ్లేవాళ్లు బయల్దేరే తేదీ కాదు, దిగే తేదీ చూసుకోవాలి. 28 రాత్రి ఇక్కడ ఎక్కితే అక్కడ దిగాల్సింది 29న, అంటే మూసిన రన్‌వే మీద. 28 రాత్రి తిరుగు ప్రయాణమూ వద్దు, ఆ సాయంత్రం ఊరేగింపులతో విమానాశ్రయం దారి ఎక్కడికక్కడ ఆగిపోతుంది. ఇక 30 పొద్దున మొదటి విమానాలకి అందరూ ఒకేసారి ఎగబడతారు. పైగా ఆ ఏడు 31న రంజాన్ పండగ, జావాకి వెళ్లే గిలిమానుక్ రేవు దగ్గర బారులు. అందుకే మేం 31 సాయంత్రానికి తీసుకున్నాం.

కాగితాల పని తేలికే. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి. వీసా ఆన్ అరైవల్ 5,00,000 రూపియాలు, 30 రోజులకి. ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే లైను తప్పుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి బాలీ పర్యాటక రుసుము అదనం, మనిషికి 1,50,000 రూపియాలు.

బస విషయంలో రెండు షరతులు పెట్టుకున్నాం. ఒకటి, 28 మధ్యాహ్నంలోపు చేరి 30 పొద్దున దాకా గది మారకూడదు, ఎందుకంటే న్యేపి నాడు చెక్-ఇన్ లేదు, చెక్-అవుట్ లేదు. చాలా హోటళ్లు ఈ రెండు రాత్రులూ కలిపే అమ్ముతాయి. రెండు, ఓగో-ఓగో వెళ్లే వీధికి నడిచి వెళ్లేంత దగ్గర ఉండాలి. అందుకే ఉబుద్ నడిబొడ్డున దిగాం. ఓగో-ఓగో అంటే వెదురు, కాగితాలతో చేసే భూతాల బొమ్మలు. న్యేపి ముందురోజు సాయంత్రం కుర్రాళ్లు వాటిని వెదురు చట్రం మీద భుజాన మోసుకొచ్చి నాలుగు రోడ్ల కూడలిలో గిర్రున తిప్పుతారు. మధ్యాహ్నం నుంచే రోడ్లు మూసేస్తారు, టాక్సీ దొరకదు. మార్చి వానల చివరి నెల కాబట్టి గొడుగు కాకుండా రెయిన్‌కోటు పట్టుకెళ్లండి. ఆ గుంపులో గొడుగు విప్పితే వెనకాల వాళ్లు తిడతారు, న్యాయమే.

న్యేపికి ముందు మూడు నాలుగు రోజుల్లో మెలస్తి జరుగుతుంది: గుడి సామగ్రిని సముద్రానికి తీసుకెళ్లి శుద్ధి చేస్తారు. సనూర్ వైపు తీరంలో చూశాం. నడుముకి సరోంగ్, అంటే లుంగీలాంటి బట్ట, దానిమీద పట్టీ ఉండాలి. పూజారి కూచున్న చోటికంటే ఎత్తులో నిలబడి ఫొటోలు తీయకూడదు.

న్యేపికి సరుకులు 27నే కొనేయండి. 28 మధ్యాహ్నానికి కొట్లు ఒక్కొక్కటీ మూతపడతాయి. ఏటీఎంలూ పనిచేయవు కాబట్టి నగదు కూడా అప్పుడే తీసుకోవాలి. మొబైల్ డేటా ఆపేస్తారు, హోటల్ వైఫై మాత్రం చాలాచోట్ల ఉంటుంది. టికెట్లు, మ్యాపులు ముందే ఫోన్లో దించుకోండి. విల్లా తీసుకున్నవాళ్లకి అసలు చిక్కు తిండితోనే: వంటమనిషి రాడు, బయటనుంచి డెలివరీ లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, అరటిపళ్లు, బ్రెడ్డు, వేడినీళ్లు పోస్తే చాలు అనే రకం తిండి రెండు పూటలకి పెట్టుకోండి. మాత్రలు వాడేవాళ్లు వాటిని మరవొద్దు. ప్రాణం మీదికొస్తే ఆసుపత్రికి వెళ్లనిస్తారు, మామూలు జ్వరానికి వెళ్లనివ్వరు.

వాళ్లు పాటించేవి నాలుగు: నిప్పు, పని, ప్రయాణం, వినోదం మానడం. హోటల్ గేటు దాటకూడదు, చీకటి పడ్డాక వెలుగు బయటికి కనపడకూడదు. నలుపు-తెలుపు గళ్ల బట్ట కట్టుకున్న పెచలాంగ్‌లు, అంటే ఊరి కాపలాదార్లు, వీధుల్లో తిరుగుతారు. పరదా సందులోంచి లైటు కనిపిస్తే వచ్చి చెబుతారు. పిల్లలుంటే ఈ నియమాలు ముందే వివరించాలి. మబ్బు లేకపోతే ఆ రాత్రి ఆకాశం చూసి తీరాలి, ఊళ్లో ఒక్క దీపం ఉండదు.

పక్కనున్న నుసా పెనిడా దీవికి వెళ్తే తప్పించుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అదీ బాలీ రాష్ట్రంలోదే, అక్కడా న్యేపే. తప్పించుకోవాలంటే లొంబోక్, గిలి దీవులకి పోవాలి, అదీ పడవలు ఆగకముందే.

30న ఉగాది పచ్చడి అక్కడే చేసుకున్నాం. తాటిబెల్లం, చింతపండు, పచ్చి మామిడి బజారులో దొరికాయి. వేపపువ్వు మొక్కల సరుకు కిందికొస్తుందని తీసుకెళ్లలేదు, చేదుకి కాకరకాయ ముక్కలు వేశాం.

మౌనం కంటే సందడి కావాలనుకునేవాళ్లకి గలుంగన్ పండగ నయం. అది 210 రోజులకొకసారి వస్తుంది, వీధుల పొడవునా పెంజోర్‌లు, అంటే వంగిన వెదురు స్తంభాలు నిలబెడతారు, ఆ తర్వాత పదో రోజున కునింగన్‌తో ముగుస్తుంది. 2025లో మొదటిసారి ఏప్రిల్ 23న పడింది, సరిగ్గా మన బడులకి వేసవి సెలవులిచ్చే వేళకి. 2026లో జూన్ 17న వస్తుంది, అప్పటికి మనకి బడులు తెరిచేసి ఉంటాయి.