అమ్మ తెలుగులో రాసిన వాక్యానికి సున్నా

అమ్మకు 71 ఏళ్లు. గూడూరు దగ్గర బడిలో 30 ఏళ్లు పాఠాలు చెప్పింది. షుగర్ వచ్చి 14 ఏళ్లు. ఆర్నెల్లుగా పొయ్యి మీద పాలు మర్చిపోతోంది, వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకోబోతోంది. చెన్నైలో నా దగ్గరికి తెచ్చుకుని ఒక పెద్దాసుపత్రిలో చూపించాను. రక్తపరీక్షలు, స్కానింగ్ ఒక్క పూటలో అయిపోయాయి.

జ్ఞాపకశక్తి పరీక్ష దగ్గరే మా ప్రాణాలు తోడేశారు. నన్ను బయట ఉండమన్నారు, నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. పరీక్ష పెట్టే అమ్మాయి "పాట్టీ" (అమ్మమ్మా) అంటూ తమిళంలో మొదలుపెట్టింది. ఇది ఎన్నో అంతస్తు అంది. లిఫ్టులో తీసుకొచ్చిన మనిషికి ఏం తెలుస్తుంది? 'వరల్డ్' అనే ఇంగ్లీషు మాటకు అక్షరాలు వెనక నుంచి చెప్పమంది. అమ్మ నా వైపు చూసింది. చివర్లో ఏదైనా ఒక వాక్యం రాయమంది. అమ్మ నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా రాసింది: "నాకు బాగా దాహంగా ఉంది." ఆ పిల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, చదవలేక సున్నా వేసింది. నీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. 30కి 16 అట. చీటీ మీద డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని రాసేశారు.

ఆటోలో అమ్మ అడిగింది, "నాకు మతి పోయిందంటున్నారా అమ్మాయ్?"

పెరంబూరులో తెలుగు వచ్చిన న్యూరాలజిస్టు దొరికారు. వంద నుంచి ఏడేసి తీసేయమంటే అమ్మ 93, 86, 79, 72, 65 అని గడగడా చెప్పింది. ఈసారి 23. మామూలుగా 24 అయినా రావాలి. చెప్పిన మూడు మాటల్లో ఒక్కటే గుర్తుంది, కాబట్టి ఇబ్బంది నిజంగానే ఉంది.

ఆయన చెప్పిన తీరు నాకు బాగా ఎక్కింది. శరీరం బరువులో మెదడు 2 శాతమే, వాడే శక్తి మాత్రం 20 శాతం. రక్తంలో చక్కెర ఎక్కువైతే కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను మోతాదు మించి వదులుతాయట. మెదడులో కొవ్వు ఎక్కువ. గాలి తగిలిన నూనె కంపు కొట్టినట్టే, నాడీకణాల పొరల్లో కొవ్వు పాడవుతుంది. కొత్త సంగతులను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగానికి ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. అమ్మకు పాత ఎక్కాలు గుర్తుండి, పొద్దుటి మాత్ర గుర్తులేకపోవడం అందుకేనన్నారు.

మూడు నెలల సగటు షుగర్ 9.8, చాలా ఎక్కువ. బి12 విటమిన్ మాత్రం బాగా తక్కువ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడితే అది తగ్గొచ్చు, ఆ లోటు మతిమరుపూ తేవచ్చు. పెద్దాసుపత్రిలో ఆ పరీక్షే రాయలేదు, ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకుంటాయనే యాంటీ ఆక్సిడెంట్ గోలీలు మాత్రం నెలకు 1,800 రూపాయలవి అంటగట్టారు! వాటితో మతిమరుపు ఆగుతుందన్న రుజువు లేదని ఈయన ఆపించారు. బి12 సూదులు మొదలయ్యాయి. షుగర్ మందులు మార్చారు, కానీ మరీ కిందికి పడిపోనివ్వొద్దని, అదీ మెదడుకు చేటేనని గట్టిగా చెప్పారు.

మీవాళ్లను తీసుకెళ్తే పరీక్ష తెలుగులో పెడతారా అని ముందే అడగండి. పెట్టం అంటే లేచి వచ్చేయండి.

అమ్మ రాసిన కాగితం ఇమ్మని నిన్న వెళ్లి అడిగాను. రికార్డు, ఇవ్వం అన్నారు. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.