తిరువైయారులో తీరిన మొక్కు

మొన్న పుష్య బహుళ పంచమినాడు, త్యాగయ్య ఆరాధన రోజున, తిరువైయారులో ఆయన సమాధి ఎదుట పందిట్లో అందరితో కలిసి కూర్చుని పంచరత్నాలు, అంటే ఐదు రాగాల్లో ఆయన కట్టిన ఐదు కీర్తనలు, పాడాను. ఇంటికి వచ్చాక కూడా ఆ గోష్ఠిగానం చెవుల్లో మోగుతూనే ఉంది.

గొంతులో బుడిపె లేచి ఆపరేషన్ అయ్యాక, కొన్నాళ్లు పెదవి విప్పవద్దన్నారు డాక్టరు. ఆ మౌనంలో మొక్కుకున్నాను, గొంతు తిరిగి వస్తే ఆరాధనకు వచ్చి పాడుకుంటానని. వచ్చింది. పై షడ్జం, అంటే పై స, దగ్గర కాస్త జీర ఉన్నా, పాట నిలుస్తోంది. నాకు అంతే చాలు.

తంజావూరు నుంచి 13 కిలోమీటర్లే. తిరుమంజన వీధిలోని త్యాగయ్య ఇంటి నుంచి బయలుదేరిన ఉంఛవృత్తి భజన (పాడుతూ భిక్ష అడుగుతూ సాగే ఊరేగింపు) వెంట కావేరి ఒడ్డుదాకా నడిచాను. పందిట్లో అడుగు పెట్టడమే గగనమైంది. తోపులాటను ఓర్చుకోవచ్చు, ఫోన్లనే ఓర్చుకోలేకపోయాను. పాడే ఉద్దేశం లేనివాళ్లు ముందుకు తోసుకువచ్చి, చేతులెత్తి వీడియోలు తీస్తుంటే, ఏళ్ల తరబడి సాధన చేసి వచ్చినవాళ్లు వాళ్ల వీపులకేసి చూస్తూ కూర్చున్నారు. ఇది ఆరాధన కదా!

ఎటూ కదలలేక నిలబడిపోయిన నన్ను ఒక పెద్దావిడ చూశారు. పక్కనున్న సంచి ఒళ్లోకి తీసుకుని, "ఉక్కారమ్మా" అని చాప మీద చోటు చూపించారు. తమిళావిడ. ఆవిడ చేతిలో అంచులు నలిగిన పుస్తకం. సాహిత్యమంతా తమిళ లిపిలో ఉంది. క, గ లకు ఆ లిపిలో ఒకే అక్షరం కాబట్టి, ఏది ఎలా పలకాలో తెలిసేందుకు అక్షరాల నెత్తిన 2, 3, 4 అంటూ చిన్న చిన్న అంకెలు. మన భాషలోని పాటను ఆవిడ ఇంత కష్టపడి చదువుకుంటున్నారని చూడగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేణువుపై భైరవి రాగం ముగిసింది. నాట రాగంలోని మొదటి కీర్తనను అందరూ ఒక్కసారి ఎత్తుకున్నారు. ఐదూ ఆది తాళమే. అన్ని వందల చేతులు ఒకే దెబ్బకు తొడల మీద పడుతుంటే నా గొంతు సంగతే మరిచిపోయాను. గౌళ, ఆరభి బాగానే సాగాయి. భయమంతా వరాళి మీదే. వరాళిని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదంటారు. మా గురువుగారూ ఆ నియమం పాటించారు కాబట్టి అది నేను విని పట్టుకున్నదే. చరణాల మధ్యలో ఊపిరి అందక ఆగిపోయాను. ఆవిడ తాళం తప్పకుండానే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని, నా చేతిని కూడా తాళంలోకి లాగారు. తర్వాతి చరణం దానంతట అదే వచ్చింది.

శ్రీరాగంలో ఉండగా ముందున్న ఫోన్లు ఒక్క క్షణం దిగాయి. అభిషేకం జరుగుతోంది. త్యాగయ్య విగ్రహం భుజం మీదుగా పాలు జారడం చూశాను. అంతలోనే మళ్లీ చేతులు లేచాయి.

గోష్ఠి అయ్యాక ఇద్దరం బెంగళూరు నాగరత్నమ్మ సమాధి దగ్గరకు వెళ్లాం. శిథిలమైన త్యాగయ్య సమాధి చోట తన సొమ్ముతో గుడి కట్టించిన దేవదాసి ఆవిడ. ఆడవాళ్లను ఆరాధనలో పాడనివ్వని రోజుల్లో పోరాడి, స్త్రీల గోష్ఠిని విడిగా నడిపారు. 1952లో కన్నుమూశారు. ఇప్పుడు త్యాగయ్యకు ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న విగ్రహమై ఉన్నారు. ఆమె పోరాడకపోతే మా ఇద్దరికీ ఆ చాప మీద చోటెక్కడిది? చాలామంది ఆవిడవైపు తిరగకుండానే భోజనాలకు పరుగెత్తడం బాధ కలిగించింది.

సాహిత్యం నిదానంగా చదివి రికార్డు చేసి పంపమని పెద్దావిడ అడిగారు. నాట, ఆరభి పంపించాను. గౌళలో ఒత్తులు ఎక్కువ, ఈ రాత్రికి అది చదవాలి.