143 రూపాయల రిబేటు

నిద్ర పడతలేదు. పదకొండు దాటింది. కూలర్ల నీళ్లు అయిపోయి ఉత్త గాలే కొడుతుంది, లేచి నింపబుద్ధి అయితలేదు.

ఏప్రిల్ దాటకముందే కడితే ఐదు శాతం తగ్గుతది గదా అని నాయిన వారం నుంచి పోరుపెడుతుంటే, ఇయ్యాల ఇంటి పన్ను కట్టొచ్చిన. 2,860ల 143 తగ్గింది. ఎట్లాగూ పోతున్న అని ఎదురింటి పెద్దనాయినను గూడ బండి మీద ఎక్కించుకున్న. ఆయనది కరోనా నాటి నుంచి బాకీ. కాయితం తీసిస్తే అసలుకు తోడు వడ్డీ, నెలకు నూటికి రెండు. మా నల్లగొండ పల్లెల్ల అప్పిచ్చేటోళ్లు తీసుకునేది గూడ ఆ రెండు రూపాయల వడ్డే!

మిల్లుల ఒళ్లు హూనం చేసుకున్న మనిషి. పీఎఫ్ పింఛను నెలకు 1,740. ఆ కాయితం పట్టుకొని నిలబడ్డప్పుడు లైన్ల వెనకున్నాయన అన్నడు: "ఇల్లున్నది గద పెద్దమనిషీ, పైన రెండు రూములేసి కిరాయికియ్యి, పన్ను అండ్లనే ఎల్లిపోతది." పెద్దనాయిన ఏమనలే. కాయితం మడిచి అంగి జేబుల పెట్టుకున్నడు. మళ్ల తీసిండు, ఇంకో మడత పెట్టిండు.

గప్పటి సంది నా కడుపుల రగులుతనే ఉన్నది. కిరాయికిస్తే ఎంతొస్తదో అంచనా కట్టి పన్నేస్తరు. ఆయన ఇంటి మీద ఏనాడూ రూపాయి కిరాయి రాలే. 2019 మున్సిపల్ చట్టంల 75 గజాల లోపు జాగల చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే అని పెట్టిన్రు. ఆయనది 92 గజాలు. 17 గజాల కాడ ఆగిపోయిండు.

మాది మున్సిపాలిటీ కాకముందు, పంచాయతీ ఉన్నప్పుడు పన్ను వసూలు చేసే కారోబార్ వచ్చేటోడు. చంకల రసీదు బుక్కు, మధ్యల నీలం కార్బన్ కాయితం. మా అరుగు మీద కూసొని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గట్టిగ అదిమి రాసేటోడు, కింద కాయితం మీద అచ్చు పడాలె గదా. నాయిన ఆ రసీదును దేవుని అర్ర తలుపు వెనక ఇనుప తీగకు గుచ్చేది. ఇప్పటికీ ఉన్నది ఆ తీగ. అన్నింటికీ ఒక్కతాననే బెజ్జం, బెజ్జం చుట్టూ తుప్పు మరక. ఎదురింటికి పోతే "పత్తి అమ్మినంక ఇయ్యి అన్నా, ఏం తొందర" అనేటోడు. వడ్డీ మాట లేకుండె. మనిషిని చూసి అడిగేటోడు.

ఇది రాస్తుంటేనే యాదికొస్తుంది, ఆ కారోబార్ పెద్ద బంగ్ల దిక్కు ఏనాడూ పోకపోయేది. అది గూడ మనిషిని చూసుడే. అందుకే పాత రోజులే మంచివని రాయలేను.

నాకు ఎక్కువ మండేది మాఫీ సంగతి. 2022ల పాత బాకీ మీద వడ్డీ 90 శాతం తీసేస్తమన్నరు. కాని అసలంతా, మిగిలిన పది శాతం వడ్డీతోటి ఒక్కసారే కట్టాలె. మా గల్లీల మూడు షట్టర్లు ఉన్నాయన ఏండ్ల బాకీ ఒక్కపూటల తెంపుకున్నడు. పెద్దనాయిన కాడ ఒక్కసారే ఏడికెల్లి వస్తయి? చేతుల పైసలు ఉన్నోనికే అక్కరకొచ్చింది ఆ మాఫీ. యేటా ఏప్రిల్‌లనే కట్టేటోళ్లకు ఐదు శాతం.

పింఛనుదార్లకు ఇంటి పన్నే వద్దు అనుకున్న ముందుగాల. అన్నం తినేటప్పుడు అదే అంటే నాయిన చెయ్యి ఆపి, "నాకెందుకురా మాఫీ? సర్కారు పింఛను వస్తది, పైన కిరాయి వస్తది. నా తాన గూడ తీసుకోకపోతే మోరీలు ఎవలు తీస్తరు?" అన్నడు. నిజమే. నాయినకూ పెద్దనాయినకూ ఒక్కటే ఈడు, ఇద్దరూ పింఛనుదార్లే. చేతికొచ్చేది ఒక్కటి గాదు. ఉండే ఇల్లొకటే, వచ్చేది ఆ పింఛనొకటే అయినోళ్లకు వడ్డీ వెయ్యకుండ, నెలకింత అని కట్టించుకుంటే చాలేమో. దానికి ఆదాయం సర్టిఫికెటు తెమ్మంటరు, మళ్ల మీసేవ కాడ లైన్ల నిలబడాలె. ఏమో, నాకూ తెగుతలేదు.

రసీదు చూసి నాయిన, ఈ అచ్చు ఆర్నెల్లల్ల ఎగిరిపోతది, జిరాక్స్ తీయించి తీగకు గుచ్చు అన్నడు. రేపు తీయించాలె.

పెద్దనాయిన కాయితం గూడ నా కాడనే ఉన్నది. బండి దిగినంక జేబులకెల్లి తీసి నా చేతుల పెట్టిండు. "నీ తానే పెట్టు బిడ్డా, ఇంట్ల మీ పెద్దమ్మ చూస్తది."