సన్యాసమ్మ తిరిగి రాలేదు

ఎక్స్‌కామ్ అనే కంప్యూటర్ ఆటలో సైనికులు చనిపోతే ఇక అంతే. 2012లో ఫిరాక్సిస్ సంస్థ తెచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’ గురించి చెబుతున్నాను. గ్రహాంతర జీవులు భూమి మీద పడతాయి. మొదట్లో నలుగురిని, పోనుపోను ఆరుగురి వరకూ ఎంచుకుని వాటి మీదికి పంపాలి. బతికి వచ్చినవాళ్లు అనుభవంతో రాటుదేలతారు. రానివాళ్లు రారు. ఐరన్‌మ్యాన్ పద్ధతి ఎంచుకుంటే ముందు దాచుకున్న ఆటను (సేవ్) మళ్లీ తెరిచి జరిగినదాన్ని చెరిపేసే వీలు కూడా ఉండదు. నేను ఆడింది ఆ పద్ధతిలోనే.

విజయనగరంలో, గంటస్తంభానికి కాస్త దూరంలో మా ఇల్లు. బడిలో లెక్కలు చెబుతాను. తమ్ముడు ఉద్యోగానికి వెళ్తూ వదిలిపెట్టిన కంప్యూటర్ మీద రాత్రిపూట ఆడేదాన్ని. సైనికులకు ఆట ఇచ్చే పేర్లు మార్చుకోవచ్చు కాబట్టి మా వైపు పేర్లు పెట్టుకున్నాను: అప్పలనాయుడు, పైడిరాజు, గౌరి, సన్యాసమ్మ. ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేసినా, తెర మీద చూసినప్పుడల్లా పక్కవీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టే ఉండేది.

సన్యాసమ్మది సపోర్ట్ తరగతి. ఆ తరగతివాళ్లు పొగ గుళ్లు విసిరి తోటివాళ్లను దాస్తారు, మెడికిట్‌తో గాయాలకు కట్టు కడతారు. గౌరి స్నైపర్, దూరం నుంచి గురిపెట్టి కాల్చేది. శత్రువులను కూల్చిన ఘనతంతా గౌరిదే. సన్యాసమ్మ ఖాతాలో పడినవి చాలా తక్కువ. కానీ దెబ్బ తగిలిన ప్రతివాడి పక్కకూ పరుగెత్తింది ఆమే. పైడిరాజు రెండుసార్లు బతికి వచ్చాడంటే ఆమె చలవే. మిషన్‌కు ఎవరిని పంపాలా అని ఆలోచించేటప్పుడు మొదట ఆమె పేరు పెట్టి, ఆ తర్వాతే మిగతావాళ్లను చూసుకునేదాన్ని.

అది టెర్రర్ మిషన్. వీధిలో చిక్కుకుపోయిన జనాన్ని కాపాడాలి. ఈ మిషన్లలో క్రిసాలిడ్‌లనే పురుగుల్లాంటి జీవులు వస్తాయి. అవి చంపిన మనిషి శవం లేచి మన మీదికే వస్తుంది. కాసేపటికి దాన్ని చీల్చుకుని ఇంకో క్రిసాలిడ్ పుడుతుంది. అప్పలనాయుడు కూలిపోయాడు. ప్రాణం ఇంకా ఉంది, రక్తం పోతోంది. ఈ ఆటలో మనమొకసారి, శత్రువులొకసారి వంతులవారీగా కదులుతాం. అలాంటివాడికి మన వంతు మూడుసార్లు గడిచేలోగా కట్టు కట్టకపోతే చనిపోతాడు. అతని దగ్గరికి చేరగలిగింది సన్యాసమ్మ ఒక్కతే. వెళ్తే ఆ క్రిసాలిడ్‌లకు అందుతుందని తెలుసు. వెనక్కి లాగేస్తే మిగతావాళ్లంతా క్షేమం, అప్పలనాయుడు పోతాడు. చాలాసేపు మౌస్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. సన్యాసమ్మయితే ఏం చేస్తుందో నాకు తెలుసు. పంపాను.

కట్టు కట్టింది. అతను బతికాడు. తర్వాతి వంతులో ఆమె చనిపోయింది. ఆపైన ఆమె శవం లేచి నిలబడింది. ఆమె కనబడే చోట ఉన్నది గౌరి ఒక్కతే. కాల్చమని గౌరికి చెప్పాల్సింది నేను.

ఏడ్చాను. కళ్లు చెమర్చడం కాదు, వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ లేచి వచ్చి, ‘ఏమైందే?’ అంది. చెప్పాను. ‘ఎవరే ఆ సన్యాసమ్మ?’ అంది. అదీ చెప్పాను, పొగ గుళ్లు, పైడిరాజు, అన్నీ. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మంచం అంచున కూర్చుని, ‘మేమూ ఇలాగే ఏడ్చేవాళ్లం’ అంది.

అమ్మది బొబ్బిలి పక్క ఊరు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో బొబ్బిలి యుద్ధం బుర్రకథ చెప్పించేవారట. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సైన్యం కలిసి బొబ్బిలి కోటను చుట్టుముట్టినప్పుడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. కబురు అంది వచ్చేసరికి కోటలో అంతా అయిపోయింది. ఆ తర్వాత అతను విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి చొరబడి పగ తీర్చుకున్నాడు, అక్కడే ప్రాణాలు వదిలాడు. కథకుడి తంబురా, వంతల గుమ్మెటలు ఆ ఘట్టానికి చేరేసరికి ఊరు ఊరంతా ఏడ్చేదని అమ్మ చెప్పింది. ‘ఏటా తెలిసిన కథే. అయినా ఏటా ఈసారైనా రాజాం నుంచి తొందరగా వస్తే బాగుండుననిపించేది.’

ఆ మాట విన్నాక నా ఏడుపు నాకు అర్థమైంది. ఎవరు ఎన్నిసార్లు చెప్పినా పాపారాయుడు ఆలస్యంగానే వస్తాడు. 1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో ఏరిస్ అనే పాత్ర చనిపోవడమూ అలాంటిదే. ఎలా ఆడినా ఆమె దక్కదు, ఆడిన లక్షలమందికీ ఒకే చోట గుండె పగిలింది, ఒకరి బాధ ఇంకొకరు చెప్పకుండానే అర్థం చేసుకోగలరు. సన్యాసమ్మ చావు ఏ రచయితా రాసింది కాదు. ఆమె బతికే దారి ఒకటి నిజంగా ఉంది, ఆ దారిలో అప్పలనాయుడు లేడు. పైగా ఆమెను నేను తప్ప ఎవరూ ఎరగరు. అదే ఆట ఆడిన మరొకరి దగ్గర సన్యాసమ్మ ఉండదు. ఊరంతా కలిసి ఏడ్చే వీలు లేని చావు అది.

‘బొమ్మల కోసం ఏడవడమేమిటి?’ అని అడిగేవాళ్లున్నారు. స్టాఫ్‌రూములో నన్నూ అడిగారు. ఏడ్చింది బొమ్మ కోసం కాదు. ఆ బొమ్మకు పేరు పెట్టి, రాత్రుల తరబడి దాని ప్రాణం గురించి నిజంగా భయపడ్డాను. ఆ భయం అబద్ధం కానప్పుడు దుఃఖం మాత్రం అబద్ధం ఎలా అవుతుంది? 2014లో పోలండ్ వాళ్లు చేసిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ ఈ సంగతిని బాగా పట్టుకుంది. బోస్నియా యుద్ధంలో జరిగిన సారయెవో ముట్టడి స్ఫూర్తితో, యుద్ధం మధ్య ఒక ఇంట్లో తలదాచుకున్న మామూలు జనం గురించి చేసిన ఆట. ఇంట్లో ఒకరు చనిపోతే మిగిలినవాళ్లు కుంగిపోతారు, మరీ కుంగితే చెప్పిన పని కూడా చెయ్యరు. అది చూసినప్పుడు నాకు ఊరటగా అనిపించింది.

శాశ్వత మరణం కొత్తదేమీ కాదు. 1980 నాటి ‘రోగ్’లోనే పోతే మళ్లీ మొదటినుంచే. 1990 నుంచి వస్తున్న ‘ఫైర్ ఎంబ్లెమ్’ ఆటల్లో పోయిన తోటి యోధులు మళ్లీ కనబడరు. ఆ వరుసలోనే 2010లో, పడిపోయినవాళ్లు తర్వాతి ఘట్టానికి లేచి వచ్చే పద్ధతినీ పెట్టారు. మంచిదే, రోజంతా పని చేసి వచ్చినవాళ్లు ఇంటికొచ్చి మళ్లీ ఏడవాలని ఎవరం చెబుతాం? నా మటుకు నేను అలా ఆడను. లేచి వస్తుందని తెలిస్తే సన్యాసమ్మ కోసం అంతసేపు ఆలోచించేదాన్నే కాదు.

ఒక విషయంలో మాత్రం ఎక్స్‌కామ్ మీద నాకు కోపం. స్థావరంలో చనిపోయినవాళ్ల పేర్లతో స్మారక గోడ ఉంటుంది. ఎన్ని మిషన్లకు వెళ్లారో, ఎంతమంది శత్రువులను చంపారో అందులో రాస్తారు. ఎంతమందిని బతికించారో రాయరు. ఆ గోడ మీద సన్యాసమ్మ అనామకురాలిలా ఉంటుంది. ఇదంతా ఇక్కడ రాస్తున్నది అందుకే.

అప్పలనాయుడికి ప్రాణం దక్కింది గానీ మనోబలం శాశ్వతంగా తగ్గింది, ఆ స్థితి దాకా వెళ్లి వచ్చినవాళ్లకు ఆటలో అలాగే అవుతుంది. మనోబలం తక్కువున్నవాళ్లను శత్రువులు సులువుగా వశం చేసుకుని మన మీదికే తిప్పుతారు. అందుకని చివరి మిషన్‌కు అతణ్ణి తీసుకువెళ్లలేదు. లెక్క ప్రకారం అదే సరైన నిర్ణయం. లెక్క వేరేలా ఉన్నా తీసుకువెళ్లేదాన్ని కాదు. ఆ రోజుల్లో అమ్మ అప్పుడప్పుడూ, ‘ఆ నాయుడు ఎలా ఉన్నాడే?’ అని అడిగేది. బాగానే ఉన్నాడని చెప్పేదాన్ని.