13.5 కాదు, 27

మన కెమిస్ట్రీ క్లాసుల గురించి ఏదైనా రాయమని అడగ్గానే నాకు ముందు గుర్తొచ్చింది సార్ బోర్డు మీద వేసిన ఒక లెక్క. 80 గ్రాముల ఐరన్ ఆక్సైడ్ (ఒక్కో దాంట్లో రెండు ఇనుములు, మూడు ఆక్సిజన్లు) ఉంది, అదంతా ఇనుముగా మారాలంటే, ఆ ఆక్సిజన్‌ని లాక్కోడానికి అల్యూమినియం ఎంత కావాలి? ఐరన్ ఆక్సైడ్ అణుభారం 160, అల్యూమినియంది 27, 160లో 80 సగం కాబట్టి 27లో సగం 13.5 గ్రాములు అని చాలామందిమి టకటకా రాసేశాం, నేనూ అంతే. సార్ తప్పని అనలేదు. "మూడు ఆక్సిజన్లని పట్టుకోడానికి ఒక్క అల్యూమినియం సరిపోతుందారా?" అన్నారు, అంతే.

అప్పుడు సమీకరణం తుల్యం చేసి చూస్తే ఒక ఐరన్ ఆక్సైడ్‌కి రెండు అల్యూమినియంలు కావాలి. అణుభారం ఎంతో అన్ని గ్రాములైతే ఒక మోల్, ఏ పదార్థమైనా ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య ఒకటే; 80 గ్రాములంటే అర మోల్, దానికి ఒక మోల్ అల్యూమినియం, అంటే 27 గ్రాములు. మేం చెప్పినట్టు 13.5 వేసుంటే 40 గ్రాముల ఆక్సైడ్ అలాగే మిగిలిపోయేది. పదార్థాలు గ్రాములు చూసుకుని కలవవు, ఎన్ని కణాలు ఉన్నాయో చూసుకుని కలుస్తాయి అని నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే, అందుకే గ్రాముల్ని మోల్స్ చేసి, సమీకరణంలో నిష్పత్తి చూసి, మళ్ళీ గ్రాముల్లోకి రావాలి. ఇలాంటి లెక్కలకి పేరైన స్టాయికియోమెట్రీ అనే మాట 1792లో రిక్టర్ అనే జర్మన్ ఆయన పెట్టాడట, ఎంత ఆమ్లానికి ఎంత క్షారం సరిపోతుందో తూచి తూచి చూసేవాడట, అప్పటికి డాల్టన్ పరమాణు సిద్ధాంతం కూడా రాలేదు, తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇక మెగ్నీషియం ప్రాక్టికల్. మా గ్రూపులో నలుగురం. రిబ్బన్‌ని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది 0.24 గ్రాములు తూచాం, అంటే 0.01 మోల్, దానికి 0.16 గ్రాముల ఆక్సిజన్ పట్టాలి, మొత్తం 0.40 రావాలి. క్రూసిబుల్ అనే, వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో పెట్టి, మూత వేసి వేడి చేస్తూ, గాలి వెళ్ళాలని పట్టకారుతో మూత మధ్యమధ్యలో ఎత్తాం. చల్లారాక తూస్తే 0.37 వచ్చింది.

తక్కెడ పాడైందనుకున్నాం. సార్ మాత్రం నాలుగు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ వేడి చెయ్యమన్నారు. ఆవిరితోపాటు ఘాటుగా అమోనియా వాసన! గాలిలో నైట్రోజన్ కూడా మెగ్నీషియంతో కలుస్తుందట, కానీ 72 గ్రాముల మెగ్నీషియం ఆక్సిజన్‌నైతే 48 గ్రాములు పట్టుకుంటుంది, నైట్రోజన్‌ని 28 గ్రాములే, అందుకే బరువు తగ్గింది. నీళ్ళు పడితే ఆ నైట్రైడ్ (నైట్రోజన్‌తో కలిసిన మెగ్నీషియం) అమోనియాని వదిలేసి హైడ్రాక్సైడ్ అయ్యి, బాగా కాల్చాక ఆక్సైడ్ అవుతుంది. సమీకరణం రాసి చూసుకుంటే ఆ తేడా కాగితం మీదే కనిపించడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

రెండోసారి 0.39 వచ్చింది. రికార్డులో సార్ ఎర్ర ఇంకుతో "మిగతా 0.01 ఎక్కడ?" అని రాశారు. నలుగురం టేబుల్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి వెతికాం. మూత తీసి కాసేపు పక్కన పెట్టిన పింగాణీ పలక మీద, మూత అంచు ఆనిన చోట, తెల్లటి పొడి సన్నగా గుండ్రంగా అంటుకుని ఉంది.