మిద్దె మీది ఎండ

ఇవాళ తిరుపతిలో మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో గుడ్డ సంచుల గురించి ముప్పావుగంట చర్చ జరిగింది. మిద్దె మీద సౌరఫలకాలు (సోలార్ ప్యానెళ్ళు) పెట్టే సంగతి మాత్రం టీ కప్పులు అందరికీ అందేలోపే ముగిసిపోయింది. అది మింగుడు పడక, పడుకున్నదాన్ని లేచి వచ్చి రాస్తున్నాను. మా వారు ఒక కన్ను తెరిచి "మళ్ళీ మొదలుపెట్టినావా" అని అటు తిరిగి పడుకున్నారు. ఏసీ 20 మీద ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

సెల్లార్లో కుర్చీలు వేశారు. నోటీసు బోర్డు మీద "వాతావరణ మార్పు: మన వంతు బాధ్యత" అని కార్యదర్శి గారు ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో స్వయంగా రాశారు. మొదటి అంశం, ప్రతి ఫ్లాటుకూ సంఘం పేరు అచ్చు వేసిన గుడ్డ సంచి ఒకటి ఉచితంగా ఇవ్వడం. నమూనా సంచి చేతులు మారుతూ నా దాకా వచ్చింది. గంజి బిగువు ఇంకా పోలేదు, పట్టీ కుట్టిన చోట దారం అప్పుడే పైకి లేచి ఉంది. గోపురం బొమ్మ వేయాలా, చెట్టు బొమ్మ వేయాలా అన్నదాని మీద ఒక వాదం, పట్టీలు గుడ్డవి కావాలా, తాడువి కావాలా అన్నదాని మీద మరొక వాదం జరిగాయి. ఉతికితే రంగు దిగుతుందేమో చూడాలని రెండో అంతస్తు సారు నీళ్ళ సీసా మూత తీసి అక్కడికక్కడే ఒక మూల తడిపి చూశారు.

మన ఇళ్ళలో గుడ్డ సంచులకు కరువుందా? పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో ఇచ్చిన తాంబూలం సంచులు ప్రతి ఇంట్లోనూ వంటింటి తలుపు వెనక మేకుకు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భూతాపం లెక్కలో ఒక నూలు సంచి, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి నీళ్ళూ ఎరువులూ, నేయడానికి కరెంటూ కావాలి కదా. కాబట్టి ఉన్న సంచిని చిరిగేదాకా వాడటం మంచి పని అవుతుంది గానీ, ఇంకొకటి కొత్తగా కుట్టించడం వల్ల వాతావరణానికి ఒరిగేదేమీ లేదు. ఈ మాట అన్నాను. "మేడమ్, మీరు ప్రతిదానికీ లెక్కలు తీస్తారు" అన్నారు కోశాధికారి గారు. బడిలో నేను చెప్పేది లెక్కలే గనక, అది పొగడ్తగానే తీసుకున్నాను.

సంచులను మరీ తీసిపారేయకూడదు. ప్లాస్టిక్ వల్ల జరిగే కీడు భూతాపం ఒక్కటే కాదు. కాలువలు పూడుకుపోతాయి, ఆవులు తింటాయి. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నిషేధం పెట్టిన తరువాత అలిపిరి దగ్గర తనిఖీలో ప్లాస్టిక్ సీసాలను పక్కన పెట్టిస్తున్నారు, పైన గాజు సీసాల్లో నీళ్ళమ్మి ఖాళీ సీసా తిరిగి ఇచ్చినవారికి డబ్బు వెనక్కి ఇస్తున్నారు, జనం కూడా రాగి చెంబులూ స్టీలు సీసాలూ పట్టుకెళ్ళడానికి అలవాటు పడ్డారు. అయితే అక్కడ మార్పు వచ్చింది అందరి మనసులూ ఒక్కసారిగా కరిగినందువల్ల కాదు, దారిలో ఒక గేటూ ఒక నియమమూ ఉన్నందువల్ల.

రెండో అంశం నాది. కాగితం మీద అన్నీ రాసుకుని వెళ్ళాను. మా సంఘం మీటరు మీద నడిచేవి లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దగ్గరి దీపాలు. అయిదు కిలోవాట్ల ఫలకాలు పెడితే రోజుకు సగటున ఇరవై యూనిట్ల దాకా, ఏడాదికి సుమారు ఏడు వేల యూనిట్లు వస్తాయి. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచి వస్తుంది కాబట్టి ఒక్కో యూనిటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వెలువడుతుంది. అంటే ఏడాదికి దగ్గర దగ్గర అయిదు టన్నులు తగ్గుతుంది. మన దేశంలో సగటు మనిషి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నులు. కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ పథకంలో ఇలాంటి గృహ సముదాయాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల చొప్పున రాయితీ ఉంది, అంటే మాకు 90,000 వస్తుంది. ఇదంతా చదివాను.

కోశాధికారి గారు చేతి గడియారం చూసుకుని, "మన ఒక్క బిల్డింగు మీద పెట్టినంత మాత్రాన ప్రపంచం చల్లబడిపోతుందా, మేడమ్?" అన్నారు. పది నిమిషాల ముందు సంచుల విషయంలో, "బొట్టు బొట్టు కలిస్తేనే సముద్రం" అని అందరికీ హితబోధ చేసింది ఈయనే! సంచి దగ్గర బొట్టు సముద్రమవుతుంది, ఫలకం దగ్గర సముద్రం బొట్టయిపోతుంది. నాకు ఒళ్ళు మండింది. ఏమైనా అనేలోపు మూడో అంతస్తు పెద్దమ్మ గారు లేచి, "ఆ అద్దాలన్నీ మిద్దె మీద పరిస్తే నేను ఒడియాలు యాడ ఎండబెట్టుకునేదమ్మా?" అని అడిగారు. అందరూ నవ్వారు. నవ్వులోనే అంశం "వచ్చే సమావేశానికి వాయిదా" అయిపోయింది. రాత్రి భోజనం దాకా నా కోపమంతా ఆ ఒడియాల మీదే ఉంది. అయిదు టన్నుల పనిని ఒక గుమ్మడికాయ ఆపేసింది కదా అనుకున్నాను.

ఆవిడ ఒడియాలు అనగానే, అవే మా కడుపు నింపిన 2021 నవంబరు గుర్తుకు రావడం న్యాయమే. ఆ నెల 18న బంగాళాఖాతంలోని వాయుగుండం చెన్నై వైపు వస్తూ ఉండగా పడిన వాన ఈ ఊళ్ళో ఎవరు మరిచిపోగలరు? ఈశాన్య రుతుపవనాల వానలు మనకు కొత్త కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాటి కోసమే ఎదురుచూస్తాం; కానీ ఆ వాన తీరు వేరు. కపిలతీర్థం హోరు చాలా దూరం వినిపించింది. కొండకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడింది. రాయలచెరువు కట్టకు లీకు పడిందని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. మా సెల్లార్లో స్కూటర్లు సీట్ల దాకా మునిగాయి. కరెంటు లేదు గనక లిఫ్టూ మోటారూ లేవు. చుట్టూ నీళ్ళే, మిద్దె మీది ట్యాంకు మాత్రం ఖాళీ.

వాన వెలిసిన తరువాత శ్రీకృష్ణా నగర్‌లో జరిగిన వింత సంగతి మీలో చాలామంది వార్తల్లో చూసే ఉంటారు. ఒక ఇంట్లో భూమిలో పాతిన సిమెంటు ఒరల నీళ్ళ తొట్టిని శుభ్రం చేయడానికి ఒకావిడ లోపలికి దిగితే, ఆ తొట్టి ఆవిడతో సహా భూమిలోంచి పైకి లేవడం మొదలుపెట్టింది. ఆవిడ నిచ్చెన పట్టుకుని క్షేమంగా బయటపడింది గానీ తొట్టి మాత్రం మనిషెత్తుకు మించి లేచి నిలబడిపోయింది. ఊరంతా చూడటానికి వెళ్ళింది, మేమూ వెళ్ళాము. దేవుడి మహిమ అన్నవారు ఉన్నారు, భూకంపం వస్తుందని భయపడినవారు ఉన్నారు. విశ్వవిద్యాలయం వారు వచ్చి చూశారు. కారణం తేలికైనదే: వానకు నేల నిండా నీరు ఊరి ఉంది, శుభ్రం చేయడానికి తొట్టిని ఖాళీ చేశారు, దాంతో నీళ్ళలో ముంచిన ఖాళీ చెంబులాగా అది పైకి తన్నుకొచ్చింది. తరువాతి వారం తొమ్మిదో తరగతికి ఆర్కిమెడీస్ సూత్రం చెప్పవలసిన సైన్సు మాష్టారు బోర్డు వైపు తిరగనే లేదట; అందరినీ కిటికీ దగ్గరికి పిలిచి ఆ వీధి దిక్కు చూపించారట.

ఒక్క వానకు ఒక్క కారణం అంటగట్టడం శాస్త్రం కాదు. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదన్నది ఖాయమైన విషయం, మోసిన తేమ ఎక్కడో ఒకచోట కురవక తప్పదు. ఆ తొట్టిని చూసి వచ్చిన రోజు మెట్ల మీద నిలబడి ఏదో ఒకటి చేయాలని అందరమూ అనుకున్నాం. తరువాత చేసింది సెల్లార్ గుమ్మం దగ్గర గట్టు ఎత్తు పెంచడం ఒక్కటే.

ఆ చీకటి రోజుల్లో అంతస్తులన్నిటికీ భోజనం పెట్టింది పెద్దమ్మ గారే. కూరగాయలు లేవు, పాలు లేవు. డబ్బాల్లోంచి గుమ్మడి ఒడియాలు, మజ్జిగ మిరపకాయలు తీసి వేయించి, పెద్ద గిన్నెలో చారు కాచి, పిల్లల చేత ఇంటింటికీ పంపించారు. ఇప్పుడు ఆలోచిస్తే, నేను కోరుతున్న ఫలకాలు ఆ రోజున మిద్దె మీద ఉన్నా మాకు దీపం వెలిగేది కాదు. బ్యాటరీ లేని అమరికలో వీధి కరెంటు పోగానే ఇన్వర్టరు (ఫలకాల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తానే ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్ళకు ప్రమాదం లేకుండా అలా ఏర్పాటు చేస్తారు. వేసవి ఎండను నవంబరు దాకా దాచి మా కంచాల్లోకి తెచ్చినవి ఆ డబ్బాలే.

ఇంతదాకా రాసిన తరువాత ఆవిడ మీద కోపం నిలబడటం లేదు. ఇంటి ఇంటికీ లెక్క తీస్తే ఈ భవనంలో అందరికంటే తక్కువ కరెంటు కాల్చేది ఆవిడే. ఏసీ లేదు. పప్పు నానబెట్టకుండా పొయ్యి ఎక్కించరు, రైతు బజారుకు నడిచే వెళతారు. 14.2 కిలోల గ్యాసు సిలిండరు మొత్తం కాలితే నలభై కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఆవిడకు ఒక సిలిండరు వచ్చినన్నాళ్ళు మాకు రాదు. మా ఇంట్లో రెండు ఏసీలున్నాయి. ఇంధన పొదుపు సంస్థ చెప్పే ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది. 2020 నుంచి అమ్మే ఏసీలను 24 దగ్గరే అమర్చి పంపిస్తున్నారు. దాన్ని 20కి దించి, పైన దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి ఈ గదిలోనే గురక పెడుతున్నారు.

"కర్బన పాదముద్ర", అంటే ఒక్కో మనిషి చేసే పనుల వల్ల గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు మొత్తం, దాన్ని లెక్క కట్టే కాలిక్యులేటరును 2004లో జనం ముందు పెట్టి బాగా ప్రచారం చేసింది బీపీ (పాత పేరు బ్రిటిష్ పెట్రోలియం) అనే చమురు కంపెనీయే. నూనె తోడేవాళ్ళు తోడుతూనే ఉంటారు, నీ సంచి సంగతి చూసుకోమని మనకు చెబుతారు. అది చదివినప్పటినుంచీ ఇంట్లో చేసే పనుల మీద నాకు ఒక చిన్నచూపు ఏర్పడింది. ఈ రాత్రి ఆ చిన్నచూపు అలాగే ఉందని చెప్పలేను. సంచి, ఏసీ, పప్పు నానబెట్టడం ఇవన్నీ ఎవరినీ అడగకుండా చేసుకోగలిగే పనులు, అందుకే తేలికగా సాగిపోతాయి. బరువైన పనులకు పక్కింటి వాళ్ళ ఒప్పుదల కావాలి, వాళ్ళ గడప తొక్కాలి. నేను కాగితం మీద యూనిట్లన్నీ రాసుకుని వెళ్ళాను గానీ, మిద్దెను ఎవరు ఎందుకు వాడుతున్నారో అందులో ఒక్క ముక్క లేదు. ఒడియాలూ బట్టలూ ఆరబెట్టడం కూడా సౌరశక్తే. దానికి రాయితీ లేదు గనక మన లెక్కల్లోకి రాదు, అంతే.

అందుకని లెక్క మళ్ళీ వేశాను. మనది సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం గనక ఫలకాలను దక్షిణం వైపు దాదాపు అంతే వాలుతో పెడతారు. వాటి వెనక, ఉత్తరం పక్కన నీడ పడుతుందనే కదా పెద్దమ్మ గారి భయం. ఆరడుగుల ఎత్తుకు డిసెంబరు మధ్యాహ్నం నాలుగున్నర అడుగుల నీడ పడుతుంది. మార్చి మూడో వారానికి అది ఒకటిన్నర అడుగుకు తగ్గుతుంది. ఏప్రిల్ చివర్లో ఒకరోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాక దక్షిణానికే పడుతుంది. ఒడియాలు పెట్టేది ఎప్పుడు? మార్చి నుంచి మే దాకానే. అంటే ఫలకాల వెనక ఉన్న స్థలం చలికాలంలో నీడగా ఉన్నా, ఆవిడకు కావలసిన నెలల్లో ఎండగానే ఉంటుంది! పదో తరగతి త్రికోణమితి ఇంటిపనికి అక్కరకు రావడం చూసి నిద్ర మొత్తం ఎగిరిపోయింది.

నీళ్ళ ట్యాంకుల సంగతి ఇంకా తేలలేదు. అవి దక్షిణపు మూలనే ఉన్నాయి, వాటి నీడ డిసెంబరులో ఫలకాల మీద పడితే కరెంటు బాగా తగ్గిపోతుంది. ఇప్పుడు ఏప్రిల్లో మిద్దె ఎక్కి చూస్తే ఆ నీడ కనపడదు కాబట్టి కాగితం మీదే కట్టుకోవాలి. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల స్థలం కావాలి. రేపు బడి నుంచి రాగానే టేపు తీసుకుని పెద్దమ్మ గారిని మిద్దె మీదికి పిలుచుకుపోతాను. ఆవిడ గుడ్డలు పరిచే చోటు ఎంతో ఆవిడ చేతే సుద్దముక్కతో గీయిస్తాను. అది పోగా మిగిలిన చోటులో అయిదు కిలోవాట్లు పట్టకపోతే నాలుగే అడుగుతాను.